నయోమి జడ

డారెల్,

నీకు తెలుగు రాదు. బతికున్నా ఇది చదవలేవు. అయినా నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది, నీతో తప్ప ఎవరితో చెప్పుకోను?

భార్యలు ఉద్యోగాలకి వెళ్తే పిల్లల్ని పార్కుకి తెచ్చే మగాళ్లం అప్పట్లో మనిద్దరమే. మా అమ్మాయికి జడ వేయడం నాకు నేర్పింది నువ్వే. నువ్వు పోయాక మీ నయోమికి జడలు వేసేది మీ పెద్దాడు ఐజయా. పదిహేడేళ్లవాడు, చెల్లెల్ని స్కూల్ నుంచి తెచ్చేదీ వాడే.

ఇవాళ పార్కు బెంచీ మీద వాడు దానికి జడ వేస్తుంటే, నల్ల కుర్రాడొకడు చిన్నపిల్లని పట్టుకుని కూర్చున్నాడని ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు.

"ఈ పాప నీకేమవుతుంది?" అని అడిగారు వచ్చిన పోలీసులు.

వాడు రెండు చేతులూ కనపడేలా పైకెత్తి, "మా చెల్లి, సర్," అన్నాడు. పాప చెప్పినా వినలేదు. నేను పరిగెత్తుకెళ్లి చెప్పాక వదిలేశారు. నేనెవరో మాత్రం అడగలేదు.

వాళ్లు వెళ్లాక ఐజయా దువ్వెన నా చేతికిచ్చాడు.

"మీరే వేయండి అంకుల్. రేపట్నుంచి స్కూల్‌కి కూడా మీరే వెళ్లండి. మిమ్మల్ని ఎవరూ ఆపరు."

నేను వాడి చోట కూర్చున్నాను. మిగిలిన జడ అల్లాను.

"రేపు నువ్వే వేస్తావుగా?" అని నయోమి వాణ్ణి అడిగింది.

వాడు జడ చివర పెట్టే రబ్బరు బ్యాండు నా చేతిలో పెట్టాడు.