చావు కబురు మింగిన పాటల ప్రోగ్రాం

సెమిసీ,

నీ క్షేమం అడగను. నిన్న సాయంత్రం మనిద్దరం పనిచేసే రేడియోలో నీ ఇకిలింపులు విన్నాను, బాగానే ఉన్నావు.

మొన్న పొద్దున లూసెయానె ముసలమ్మ చావు కబురు వినిపిద్దామని ఎప్పటిలాగే స్టూడియో కంప్యూటర్లో రికార్డు చేసి పెట్టిన ఫైలు మీద నొక్కాను. కబురు రాలేదు. నువ్వు తెచ్చిపెట్టిన పాటలు కలిపే ప్రోగ్రాం తెరుచుకుని తెల్లమొహం వేసింది. రేడియో మూగబోయింది. ఊయిహా దీవిలో ఉన్న ఆమె తమ్ముడికి సంగతి తెలిసేసరికి పడవ వెళ్లిపోయింది. అక్క చివరి చూపు కూడా దక్కలేదు.

ఆ ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కి, దేనితో తెరవాలో అడిగిన చోట పాత ప్లేయరు చూపించి, ఎప్పుడూ ఇదేనని టిక్కు పెట్టాను. ఇవాళ చూస్తే మళ్లీ నీ ప్రోగ్రామే తెరుచుకుంది! అది తెరిచినప్పుడల్లా ఆడియో ఫైళ్లన్నీ నాకిస్తావా అని అడుగుతుంది, నువ్వు చదవకుండా సరే అని నొక్కుతావు. ఇదేంట్రా అని నేనడిగితే ఏమన్నావు? "నీ ప్లేయరూ నీలాగే ముసలిదైపోయిందత్తా!" తండ్రికన్నా ఎక్కువగా గౌరవించాల్సిన తండ్రి అక్కతో ఆ మాట అన్నవాడు టోంగాలో నువ్వొక్కడివే.

ఈసారి అది అడిగితే వద్దని నొక్కు. నా చావు కబురు నేనే ముందుగా చదివి, రికార్డు చేసి ఆ కంప్యూటర్లో పెట్టాను. మేనత్త పోతే మన ఆచారం ప్రకారం సంతాపంగా నడుముకి చిరిగిన చాపలు చుట్టుకుని, నేలలో తవ్విన వంట గుంతల దగ్గర చాకిరీ చేయాల్సిన మేనల్లుళ్లందరినీ అందులో పేరుపేరునా పిలిచాను. ఆ రోజు కూడా నీ ప్రోగ్రామే తెరుచుకుంటే, వేరే దీవుల్లో ఉన్న నీ తమ్ముళ్లు ఒక్కరూ రారు. ఊరందరికీ గుంతలు తవ్వి పందులు కాల్చేది నువ్వొక్కడివే.

మీ అత్త