షాకబ్జర్లు వదులు చేసేదాక బండి ఎక్కకు

నాయినా, నేను బస్సుకు పోతున్న. నువ్వు బండి తియ్యకు. ప్రార్థన కూటాలకు మైకు డబ్బాలు మోయాలని వెనక షాకబ్జర్లు గట్టిగ బిగించినవ్, కూటాలు అయిపోయినా వదులు చెయ్యలే. డబ్బాల బరువు లేకుంటే బండి ప్రతి గుంతకు ఎగురుతున్నది. రెండు దిక్కులా ఒక్క తీరుగనే వదులు చెయ్యి. ముందు షాకబ్జర్‌ను తుడిచి చూసిన, ఆయిల్ కారి బట్టకు అంటింది. దాన్ని నువ్వు ముట్టకు, హరిలాల్ మామ షెడ్డుకు బండిని నూక్కుంట తీస్కపో. దేవుడే చూసుకుంటడని అనకు, పానా పట్టాల్సింది మనమే. అన్నం వండి పెట్టిన.

ఆరాధన

నిన్న మణుగూరు రోడ్డు మలుపుల బొగ్గు లారీ ఎదురైతే బండి ఊగింది. "నాకేం భయం కాలే" అన్నవ్. వెనక కూసోని నేను అద్దంల చూసిన నాయినా, నువ్వు కండ్లు మూసుకున్నవ్.