రాజుగారి గోచి

మనీలా, 4 జూన్ 1968

ప్రియమైన దోరాయ్ అక్కా,

మూడో తరగతి వాచకంలో మాటల పుట్టుక రాసే పని నాకిచ్చారని ఎగిరి గంతేశాను కదా. ఇప్పుడు ఆ పని తలుచుకుంటేనే వాంతొస్తోంది. ఇంద్రధనుస్సును మన భాషలో బహగ్‌హారి అంటాం. బహగ్ అంటే గోచి, హారి అంటే రాజు. రాజుగారు ఆరేసుకున్న గోచి అని తాతయ్య చెప్పేవాడు, అదే రాశాను. మా సంపాదకుడు ఓర్దోన్యెస్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఛీ! పిల్లల పుస్తకంలో గోచులేమిటమ్మా, కంపు!" అన్నాడు. 'దేవదూత నడికట్టు' అని అచ్చవుతోంది. ఆ రుమాలు గుర్తొస్తే అన్నం సహించడం లేదు.

నీ ఈసింగ్

తనాయ్, 5 ఆగస్టు 1968

ఈసింగ్ తల్లీ,

బడికి మీ పుస్తకాలొచ్చాయి. లువాల్హాతి అనే పిల్ల లేచి, "టీచర్, మీరు గోచి అన్నారు, ఇందులో నడికట్టని ఉంది. అబద్ధం ఎవరిది?" అంది. "టీచర్‌దే!" అని వెనక బెంచీ అరిచింది. ఆ పిల్ల తాత ఇప్పటికీ గోచితోనే కొండ దిగి తేనె అమ్ముతాడు. దాని మొహం చూడలేకపోయాను. ఆ పేజీ ముట్టుకుంటే చేతికి చీమిడి అంటినట్టుంది. శనివారం మనీలాకి జీప్నీ బండి ఎక్కుతున్నా. ఆ పేజీ మీ సంపాదకుడి ముందు పెట్టి, "మా తాత కంపు కొట్టేవాడా?" అని అడిగి తీరతాను. నువ్వేం భయపడకు.

నీ అక్క

మనీలా, 12 ఆగస్టు 1968

అక్కా,

శనివారం మా ఆఫీసు నుంచి, నేనిచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయావు.

ఓర్దోన్యెస్ గారు నీకు చూపించిన చిత్తుప్రతిలో గోచిని కొట్టేసింది నా చెయ్యే. పక్కన "బాగుంది, ఉంచండి" అని ఆయన రాసినా, వద్దని పట్టుబట్టింది నేనే. ఆయన ఛీ అనలేదు, రుమాలూ తీయలేదు. టైపిస్టులు పకపకా నవ్వుతూ, "ఇంకా ఎవరు కడతారే అవి?" అంటే, "నేనెప్పుడూ చూడలేదు" అనేశాను. తాతయ్య చేతి ముద్దలు తిన్న నోటితోనే అన్నాను. ఆ నోటిని చూస్తే నాకే రోత పుడుతోంది.

ఈ ఉదయం ఆఫీసులో అందరి ముందూ చెప్పాను. "మా తాత గోచి కట్టేవాడు. ఆయన వీపెక్కే నేను ఏరు దాటేదాన్ని." ఎవరూ నవ్వలేదు. మళ్ళీ అచ్చువేసేటప్పుడు దిద్దుదామని ఓర్దోన్యెస్ గారు ఒప్పుకున్నారు. టైపిస్టు రెమెదియోస్ మాత్రం, "ఏ రంగుదే?" అంది.

ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. నా మీద కోపం ఉంచుకో అక్కా, ఆ రంగొక్కటీ రాసి పంపు.

ఈసింగ్