దుత్తలో కప్పపిల్లలు

1926 జూలై 26, సోమవారం

బుడ్డమ్మా, ఇది నీ స్కూలు కాపీ పుస్తకమే. మొదటి నాలుగు పేజీల్లో నీ అక్షరాలు ఉన్నాయి. వాటి మీద రాయను. ఐదో పేజీ నుంచి రాస్తున్నాను. బాప్తిస్మానికి ముందు విశ్వాసమ్మ టీచరు నేర్పిన చదువే నాది. తప్పులుంటే ఉండనీ.

కలరాతో నువ్వు పోయి ఎనిమిది రోజులు. తొలివానకు కొండబండల మీద గుంటలో నువ్వు పట్టి తెచ్చిన కప్పపిల్లలు చిన్న మట్టిదుత్తలో ఇంకా ఉన్నాయి. ఈరోజే చూశాను. ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ వేయలేదు. నువ్వు పద్నాలుగు అన్నావు. పదకొండే ఉన్నాయి.

కాళ్ళు వచ్చినాక మళ్ళీ గుంటలోనే వదిలేస్తానని టీచరుకు చెప్పావంట. నేను వదులుతాను.

జూలై 28

నిన్న జొన్న సంగటి చిదిమి వేశాను. పిడికెడు. తెల్లారేసరికి నీళ్ళు మురిగి కంపు కొట్టాయి. రెండు చచ్చాయి. టీచరు వచ్చి చూసి, ఏమ్మా, అవేమన్నా ఎద్దులా, అంత పెట్టినావు, తోటకూర ఉడకేసి చల్లార్చి గోరంత వెయ్యి చాలు అంది. మిగిలింది నువ్వు తిను, ఎట్లయిపోయినావో చూసుకో అని కూడా అంది.

తినలేదు. తొమ్మిది ఉన్నాయి.

జూలై 31

ఆకు వేస్తే అన్నీ ఒకేసారి వస్తాయి. నోళ్ళు కదులుతూనే ఉంటాయి. పొద్దంతా అక్కడే కూర్చున్నాను. పక్కింటి హనుమంతమ్మ గోడ మీంచి చూసి, మొగునికి సంగటి కెలికే దిక్కు లేదు, కప్పలకేమో విందులు చేస్తాండావే అంది. మీ నాయన, ఉండనీలే వదినా, వాటి పెండ్లికి నిన్నే ముందు పిలుస్తాం అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టు 1, ఆదివారం

ప్రార్థనకు గుడికి పోలేదు.

ఆగస్టు 4

ఒకదానికి వెనక కాళ్ళు వచ్చాయి. నూలుపోగులంత. మీ నాయనకు చూపించాను. బండలు కొట్టే పనికి పోతున్నవాడు వంగి చూసి, ఇది మన పాప మాదిరే, తినేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానియ్యదు అన్నాడు. సుత్తి తీసుకొని పోయాడు.

ఒకటి రాయాలి. ఆ రోజు నువ్వు దూప, దూప అన్నావు. వాంతులయ్యేటప్పుడు నీళ్ళు తాగితే ప్రాణం పోతుందని అందరూ అన్నారు. మా అమ్మ కాలం నుంచీ అదే మాట. తడిగుడ్డ పెదాలకు అద్దాను గానీ చెంబు ఇయ్యలేదు. నీకు కనబడకుండా కొంగు కింద పెట్టుకున్నాను. నిన్న టీచరు మాటల్లో చెప్పింది. కర్నూలు పెద్దాసుపత్రిలో కలరా వాళ్ళకు మందు కంటే ముందు ఉప్పునీళ్ళే ఎక్కిస్తారంట. చెంబు సంగతి ఆమెకు తెలియక చెప్పింది. నా మొహం చూసి ఆపేసింది.

ఆగస్టు 9, పొద్దున

శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి మా పేట బావిలో ఎర్రమందు వేశాడు. ఊరి బావికి జూలై మొదట్లోనే వేశారంట. మాకు ఈరోజు. నీళ్ళు వంకాయ రంగుకు తిరిగాయి. హనుమంతమ్మ, ఇవి తాగితే పేగులు కాలిపోతాయి, నేను వంక నీళ్ళకు పోతాండా అని ఖాళీ బిందెతో వెళ్ళిపోయింది. రంగు పోయేదాకా ఆగి తాగండమ్మా, ఇంక ఏ రోగమూ మీ దిక్కు చూడదు అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అందరికంటే ముందు నేనే తోడాను. రంగు ఉన్నప్పుడే మందు ఎక్కువ ఉంటుందనుకున్నాను. ఈ నీళ్ళు ఒక్క నెల ముందు వచ్చి ఉంటే నువ్వు బతికేదానివి. దుత్తలో పాత నీళ్ళు వంపేసి నిండా ఇవే పోశాను. వీటికి ఏ రోగమూ రాకూడదు.

మధ్యాహ్నం

తొమ్మిదీ తేలాయి. కాళ్ళు వచ్చింది కూడా.

ఆగస్టు 10

మీ నాయన దుత్త కడిగి బోర్లించి పనికి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. టీచరు, నీకేం తెలుసమ్మా, మంచికే పోసినావు అంది. చెంబు దాచింది కూడా మంచికే. నా మంచి ఇంక ఎవరికీ వద్దు.

ఆగస్టు 12

వాన. గుంటలు మళ్ళీ నిండాయంట. నేను పోలేదు.

ఆగస్టు 15, ఆదివారం

ఈరోజు మీ నాయనే సంగటి కెలికాడు. ఉండలు కట్టింది. నా ముందు పెట్టి, తాను తినకుండా కూర్చున్నాడు. నా చెయ్యి లేవలేదు.

పుస్తకం అయిపోయింది. పెట్టెలో వేస్తాను. ఎప్పటికైనా ఎవరో ఒకరు తీసి చదువుతారు. మీరెవరో నాకు తెలియదు. నా కోసం ఏడవద్దు. ఇంటికి పోయి కడుపునిండా తినండి.