ఉప్పు సాలునా?

ఖాదరన్నా,

నువ్వు పోయిన ఏడాదికి మన మైకుసెట్టు ఈరోజు మళ్ళీ బయటికి తీశాను. సాయంత్రం పీర్ల చావిడి ముందర చెక్కభజన ఉంది. నీ ఆంప్లిఫయరు బాక్సులో స్పీకరును ఎలుకలు కొరికేశాయి. అనంతపురమంతా తిరిగినా ఆ బాక్సుకు సరిపోయే పన్నెండంగుళాలది దొరకలేదు, పదంగుళాలదే తెచ్చాను. ప్లైవుడ్డు చక్రం కోసి, దాని నడుమ స్పీకరు బిగించాను. సందుల్లోంచి గాలి పోకుండా పాత సైకిలు ట్యూబు ముక్కలు అంటించాను. అయినా భయం పోలేదు. సౌండు పెంచగానే చిరిగిపోతే? అంతకంటే పెద్ద భయం వదిన. ఆ బాక్సు గొంతు ఆమెకు తెలిసినంతగా నాకు కూడా తెలీదు కదా.

మైకు పట్టుకుని హలో అనబోయి, అలవాటుగా నీ మాటే అనేశాను.

"ఉప్పు సాలునా?"

మైకు సరిచూసేటప్పుడల్లా, వీధి చివర వంట చేసుకుంటున్న వదినను నువ్వు అడిగే మాట. సౌండు బాగుంటే ఆమె గుమ్మంలోకి వచ్చి చెయ్యెత్తేది.

నాలుక కరుచుకున్నాను. చావిడి ముందర ఎవరూ నవ్వలేదు. వదిన గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. ఎంతసేపటికీ చెయ్యెత్తలేదు.

"సప్పగా ఉండాది రమణా! ఇంగా రోంత ఎయ్యప్పా," అని అరిచింది.

ఈ చిన్న స్పీకరు తట్టుకుంటుందో లేదోనని భయపడుతూనే బేసు పెంచి, మళ్ళీ అడిగాను.

ఈసారి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి చాలాసేపు దించలేదన్నా.

రమణ