వీడియో అంచున చెయ్యి

అక్కా,

ఇక్కడ నా నడుము తప్ప అందరం క్షేమం. నువ్వు పంపిన వ్యాయామం వీడియో చూసి, నేనూ హాల్లో చాప పరిచాను. బోర్లా పడుకుని లేవబోతే చిన్నది వీపెక్కింది. పెద్దాడు "గుర్రం ఆటా అమ్మా?" అంటూ మెడ పట్టుకుని వేలాడాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా మీ అక్క ఎలా ఉందో చూడు," అన్నారు. ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలోనే నీ వీడియో మళ్లీ పెట్టాను. నీ చంటాడు పాక్కుంటూ నీ మీదికి వస్తుంటే, పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి వాణ్ణి ఎత్తుకుపోయింది. ఆ గాజులు నాకు తెలియవా?

నీ సన్నటి నడుము నువ్వే ఉంచుకో. అమ్మని మాత్రం ఒక్క నెల నా దగ్గరికి పంపించు.

నీ కుళ్ళుబోతు చెల్లి