పదిరోజుల మైల

ధవళేశ్వరం
12-11-2001

బావగారికి నమస్కారాలు.

మీ అమ్మగారికి నా మీద కోపం వచ్చిందని తెలిసింది. "పెళ్ళయిన ఆడపిల్ల పోతే పుట్టింటివాళ్ళకి మైల మూడు రోజులే కదండీ. తమ్ముడు పదిరోజులూ పట్టడమేంటి? మా కోడల్ని మళ్ళీ వాళ్ళింటి పిల్లని చేసుకుంటాడా?" అన్నారట. మీరూ నొచ్చుకుని ఉంటారు.

అక్క మీ ఇంటి మనిషేనండి. అందులో నాకు పేచీ లేదు.

ఆరేళ్ళ కిందట నా ఎముకల మూలుగలో రక్తకణాలు పుట్టడం ఆగిపోతే, అక్కని వేలూరు ఆసుపత్రికి తీసుకొచ్చింది మీరే. ఆవిడ తుంటి ఎముకలోంచి తీసిన మూలుగే నాకు ఎక్కించారు. తర్వాత పరీక్ష చేసి, నా రక్తంలో ఉన్నవన్నీ ఆడమనిషి కణాలేనని డాక్టరుగారు చెబితే మీరూ అక్కా ఎంత నవ్వారో! ఎర్రకణం నాలుగు నెలలే బతుకుతుందట. అది పోతే ఇంకోటి పుడుతుంది, అదీ అక్కదే. అక్కని దహనం చేసి వచ్చిన రాత్రి కూడా నా ఒంట్లో పుడుతూనే ఉన్నాయి కదా. మూడోరోజు స్నానం చేసి, ఇక నాకేం సంబంధం లేదన్నట్టు లేచి రావడం నా వల్ల కాలేదు బావగారూ.

పదోరోజు మీరు పిండాల దగ్గర కూర్చుని ఉన్నారు. రేవులో మంగలి నాకు గడ్డం గీస్తుంటే చెంప మీద గాటు పడి, నా చేతిలో అద్దంలో రక్తం కనబడింది. పాపం, కంగారుపడి పటిక తీశాడు. అతని చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండవయ్యా, కాసేపు చూసుకోనీ" అన్నాను.

మీ బావమరిది